రాని మెట్లు, రాణి మెట్లు

కోరుట్ల నుంచి వేములవాడ పోయే తోవలో ఎర్రగుండ్లపేట అని ఒక ఊరుంది. మొన్నమొన్నటిదాకా అక్కడ బస్సు ఆగాలంటే కండక్టరును బతిమాలుకోవాల్సి వచ్చేది. ఇప్పుడు బస్సులు వాటంతట అవే ఆగుతున్నాయి. రాజన్న దర్శనం తొందరగా అయిపోయి, కోడె మొక్కు తీర్చుకొని, ఇంకా సగం రోజు చేతిలో మిగిలిన జనం అక్కడ దిగుతారు. టికెట్టు కొని పాత బావి చూస్తారు. చూడడమంటే బావికి వీపు పెట్టి నిలబడి ఫోన్లో తమ మొహాలు చూసుకోవడం.

పడమటి మెట్ల దగ్గర గైడు కల్యాణి వాళ్ళను ఆపుతుంది. "ఇవి రాణి మెట్లు. బోర్డు మీద 'రాని' అని ఉన్నది, అది పెయింటర్ చేసిన స్పెల్లింగ్ మిస్టేక్. మీరు పట్టించుకోకుండ్రి" అంటుంది. జనం నవ్వుతారు. కొందరు ఆ తప్పును కూడా ఫోటో తీసుకుంటారు. పెయింటర్ పేరు కిందనే ఉంది, అరచేయంత అక్షరాలతో: సామేలు, కోరుట్ల.

సామేలు తప్పు రాశాడట! నేను సిరిసిల్లలో ముప్పై నాలుగేళ్ళు తెలుగు పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ణి. పుట్టింది ఎర్రగుండ్లపేటలోనే, మగ్గం నేసే సాలోళ్ళ ఇంట్లో. ఆ బోర్డు మీద ఎవరి తప్పు ఎంతో నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. అందుకే ఇది రాస్తున్నాను.

సామేలు అదే ఊరి మాలవాడలో పుట్టాడు. నాకంటే నాలుగేళ్ళు చిన్న. తండ్రి తొందరగానే పోయాడు. తల్లి పోచవ్వ నాట్లకూ కలుపులకూ పోయి కొడుకును బడికి పంపింది. మా బడిలో ఒక పంతులు ఉండేవాడు. ఆయన "బాణం" అనమంటే వాడ పిల్లలు "బానం" అనేవాళ్ళు. నిజానికి మేమూ బానమే అనేవాళ్ళం. కానీ ఆయన చెవికి వాళ్ళ నోట్లో బానమే వినబడేది, మా నోట్లోది వినబడేది కాదు. "మీ నాలుకలకు ణ తిరగదురా, ఏడు పుట్టుకలెత్తినా తిరగదు" అని బెత్తం ఊపేవాడు. సామేలు నాలుక సంగతి పక్కన పెట్టి చేయి తిప్పడం మొదలుపెట్టాడు. ఇసుకలో, మట్టిగోడల మీద, బర్రె వీపు మీది దుమ్ములో, ఎక్కడ జాగా దొరికితే అక్కడ ణ రాసేవాడు.

ఆ చెయ్యే అతనికి అన్నం పెట్టింది. పదో తరగతి అయిపోగానే కోరుట్లలో ఒక పెయింటర్ దగ్గర చేరి, కొన్నేళ్ళకు బస్టాండు ఎదురుగా "సామేలు ఆర్ట్స్" పెట్టాడు. జగిత్యాలలో బంగారం దుకాణాలు, కోరుట్లలో బీడీ కార్ఖానాల గోడలు, సిరిసిల్లలో మరమగ్గాల షెడ్లు, మూడు ఊళ్ళూ అతని చేతి మీదే నడిచాయి. సిరిసిల్లలో "లక్ష్మీనారాయణ వస్త్రాలయం" బోర్డు ఉండేది. అందులోని ణ, కడుపునిండా తిన్న మనిషి అరుగు మీద కూర్చున్నట్టు నిమ్మళంగా కూర్చునేది. నేను పిల్లలను తీసుకుపోయి ఆ అక్షరం చూపించేవాణ్ణి. అది నా ఉద్యోగంలో నేను చేసిన మంచి పనుల్లో ఒకటి. లెక్కపెడితే అట్లాంటివి ఎక్కువ లేవు.

అతను తప్పు రాయడు. దుకాణదారు ఇచ్చిన కాగితంలో తప్పుంటే దిద్ది రాస్తాడు. జగిత్యాలలో ఒక సేటు "శుభకార్యములకు" అన్నచోట భ వద్దు, బ చాలు, జాగా కలిసివస్తుంది అన్నాడు. సామేలు బ్రష్షు కడిగి, డబ్బా మూసి, నిచ్చెన భుజానికెత్తుకొని కోరుట్ల బస్సెక్కాడు. మర్నాడు ఆ సేటే మనిషిని పంపి, భ పెట్టించుకున్నాడు. సామేలు తప్పు రాయడన్నది మూడు ఊళ్ళలో ఎండ కాస్తుందన్నంత మామూలు మాట.

తర్వాత ఫ్లెక్సీలు వచ్చాయి. రాయడం పోయి అచ్చొత్తడం వచ్చింది. ఒకసారి కోరుట్లలో చనిపోయిన పెద్దమనిషి ఫోటో కింద "హార్దిక శుభాకాంక్షలు" అని అచ్చయి, చౌరస్తాలో మూడు రోజులు వేలాడింది. చుట్టాలు దాని కిందే నిలబడి ఏడ్చారు. ఒక్కరికీ నొప్పి కలగలేదు. సామేలు ఒక్కడే సైకిల్ దిగి తల పట్టుకున్నాడు. అప్పటికి అతనికి మిగిలిన పని బండ్ల మీద నంబర్లు, చర్చి వెనక సమాధి రాళ్ళు. ఆ రాళ్ళ మీద వచనం రాయాలన్నా బైబిల్ తెరిచి, చూసుకొని, అప్పుడే రాసేవాడు.

అట్లా ఉండగా మా బావికి యోగం పట్టింది. నలభై ఏళ్ళు దానిలో చెత్త తప్ప ఏదీ పోయని ఊరు అది. హైదరాబాదు నుంచి ఒక కంపెనీ దిగింది. దాని తరఫున శ్రవణ్ అనే అబ్బాయి. ముప్పై ఏళ్ళుంటాయి, నెమ్మదస్తుడు, ఎవరితోనైనా నవ్వుతూ మాట్లాడతాడు. పాత కట్టడాలంటే ప్రాణమట. ఆ ప్రాణంతోనే రాళ్ళకు యాసిడ్ కొట్టించాడు. రెండు వందల ఏళ్ళుగా నల్లబడ్డ బండలు, తెల్లారితే పెళ్ళున్న వాడి చెంపల్లాగా నున్నగా తేలాయి. సందుల్లో గచ్చు గీకించి సిమెంటు నింపాడు. నీళ్ళ మధ్యలో ఫౌంటెను, చుట్టూ రంగురంగుల లైట్లు, ముందు నిలువెత్తు ఇంగ్లీషు అక్షరాలతో "ఐ లవ్ ఎర్రగుండ్లపేట". ఆ ఊరిని ప్రేమించినవాణ్ణి నేను పుట్టి బుద్ధెరిగాక చూడలేదు. దారి దొరికినవాళ్ళమంతా వదిలేసి వచ్చాం.

పడమటి మెట్ల సంగతి చెప్పాలి. బావి ఒక మిట్ట మీద ఉంది. ఊరివైపు, అంటే తూర్పున, వెడల్పాటి మెట్లు లోపలికి నీళ్ళదాకా దిగుతాయి. పడమట వాడవైపు నుంచి మాత్రం బయటిపక్క ఇరుకు మెట్లు మిట్ట ఎక్కి వస్తాయి. పదకొండు మెట్లు. అవి ఒడ్డుదాకా రావు. ఒడ్డుకు నిలువెత్తు కిందనే ఆగిపోతాయి. ఆగినచోట ఒక రాతి తొట్టి, పక్క బండ మీద కుండలు పెట్టీ పెట్టీ అరిగిన గుంతలు. ఊళ్ళో వాటిని రాని మెట్లు అనేవాళ్ళు.

శ్రవణ్ ఎవరినో అడిగాడు. వాళ్ళు "రాని మెట్లు" అన్నారు. పల్లెటూరి నోటికి ణ పలకదు కదా, దిద్దుకొని "రాణి" అని రాసుకున్నాడు. ఇక ఆ రాణికి ఇల్లూ వాకిలీ కట్టాలి. మెట్లు మధ్యలో ఆగాయంటే అది రాణిగారి స్నానాల జాగా. తొట్టి పన్నీటి తొట్టి. గుంతలు దీపాలు పెట్టే గుంతలు. ఆమె తొట్టి దగ్గర కూర్చుంటే చెలికత్తెలు ఒడ్డు మీద నుంచి నీళ్ళు కుమ్మరించేవాళ్ళట. ఆ ఊరికి దొర ఉన్నాడు గాని రాజు ఎన్నడూ లేడు. రాజు లేని ఊరికి రాణి ఎక్కడి నుంచి వచ్చిందయ్యా అంటే హైదరాబాదులో ఏసీ గదిలో నుంచి వచ్చింది. అంతటితో ఊరుకున్నారా? తెగిపోయిన మెట్లు చూడ్డానికి బాగుండవని, వాటి పైన ఐదు కొత్త గ్రానైటు మెట్లు కట్టి ఒడ్డుకు కలిపారు.

బోర్డులు మాత్రం ఫ్లెక్సీలో వద్దు, రాతిపలకల మీద చేత్తో రాసి ఉండాలి, అప్పుడే పాతదనం కనబడుతుంది అన్నాడు శ్రవణ్. యాసిడ్ పోసి కడిగేసిన పాతదనాన్ని బ్రష్షుతో తిరిగి తెప్పించాలన్నమాట. ఎవరో సామేలు పేరు చెప్పారు. సామేలు కొత్త బ్రష్షులు కొన్నాడు. పదేళ్ళ తర్వాత అసలైన పని. నాలుగు బోర్డులు అయిపోయాయి, చూసినవాళ్ళు చూపు తిప్పుకోలేదు. ఇక్కడి పని నచ్చితే ఇంకో రెండు ఊళ్ళ పని కూడా నీకే అని శ్రవణ్ మాటిచ్చాడు. మిగిలింది ఐదోది, "రాణి మెట్లు".

ఆ మధ్యాహ్నం అన్నం తింటూ, బోర్డు మీద రాయమని శ్రవణ్ ఇచ్చిన కాగితం తల్లికి చదివి వినిపించాడు. పోచవ్వకు ఎనభై దాటాయి. చూపు మందగించింది, చెవులు సగమే వినిపిస్తాయి, నోరు మాత్రం నిండుగా పనిచేస్తుంది. అప్పుడు జరిగిందంతా సామేలు తర్వాత నాకు చెప్పాడు.

"ఏ రానిరా? ఎవల పిల్ల?" అందట పోచవ్వ.

"రాణి అమ్మా. రాజు పెండ్లాం. గా మెట్ల మీద కూసుండి తానం జేసేదట."

పోచవ్వ పడిపడి నవ్విందట. నవ్వి, కొంగుతో కళ్ళు తుడుచుకొని చెప్పిందట. "గా మెట్ల మీద కూసున్నది నేనురా. మా అత్త కూసున్నది. గవి మేం రాని మెట్లు. గంతకంటె మీదికి మేం రావద్దు. పొద్దుగాల్ల వోయి కుండలు వెట్టుకోని కూసుంటే, సాలోళ్ళ ఆడోళ్ళకో కాపోళ్ళ ఆడోళ్ళకో మనసువడితే ఒడ్డుమీదికెల్లి ఇంత పోసేటోళ్ళు. మనసువడకపోతే గా కుండ ఉత్తగనే ఎత్తుకచ్చుడు. బోరింగు అచ్చినంక పీడ వోయింది."

సామేలు చేతిలో ముద్ద కంచంలో పెట్టేశాడు. బావి సంగతి కొత్తదని కాదు. అతనికి గుర్తొచ్చింది వేరే. బడికి పోయే రోజుల్లో ఒకనాడు తల్లి "రాని మెట్ల కాడ" అని ఏదో చెబుతుంటే, తాను ఆపి, "రాని కాదమ్మా, రాణి. నీ నాలుకకు ణ తిరగదు" అన్నాడు. పంతులు తనను అన్న మాటే తల్లిని అన్నాడు. ఆ రోజు నుంచి పోచవ్వ కొడుకు ముందు ఆ మెట్ల పేరే ఎత్తలేదు. ఎందుకు ఊకున్నావమ్మా అని ఇప్పుడు అడిగితే, "బడికి వోయేటోనివి, నీకే ఎర్కుంటదనుకున్న" అందట.

సామేలు పోయి పలక మీద "రాని మెట్లు" అని రాశాడు.

శ్రవణ్ చూసి కంగారుపడ్డాడు. బావి పనుల కోసం ఊళ్ళో వేసిన కమిటీకి నేను భాషా సలహాదారుణ్ణి. అక్కడి నుంచే నాకు ఫోన్ చేశాడు. స్పీకర్ పెట్టాడన్నది నాకు తెలియదు. "సార్, చిన్న డౌట్. రాణిలో ఏ న వస్తది సార్? మన పెయింటర్ మామూలు న వేసిండు."

ఎందుకు అని నేను అడగాల్సింది. సామేలు తప్పు రాయడు కదా, ఏమై ఉంటుంది అని ఒక్క క్షణం ఆలోచించాల్సింది. చదవేస్తే ఉన్న మతి పోయిందని ఊరికే అనలేదు. గొంతు సవరించుకొని, "రాణి శబ్దంలో ఉన్నది మూర్ధన్యమైన ణకారం నాయనా. అక్కడ నకారం రాయడం అపచారం" అన్నాను. బ్రష్షు చేతిలో పట్టుకొని సామేలు ఆ మాట విన్నాడు.

మర్నాడే సిరిసిల్ల వచ్చాడు. మా ఇంట్లో కుర్చీ చూపిస్తే అంచున కూర్చున్నాడు. పంతులు సంగతి, తల్లి సంగతి, అంతా చెప్పి చివరికి అన్నాడు: "సారూ, మా అమ్మ సక్కగనే అన్నది. దిద్ది తప్పుజేసింది నేను. గిప్పుడు మల్ల దిద్దుమంటుండ్రు. మీరు ఒక్క మాట జెప్పుండ్రి, మీ మాటైతే ఇంటరు."

నాకు సిగ్గేసింది. ఒడ్డు మీద నుంచి పోసింది మా వాళ్ళే. ఆ పేరు నేనూ చిన్నప్పుడు వెయ్యిసార్లు విన్నాను, ఒక్కసారి కూడా రాణి తలపుకు రాలేదు. హైదరాబాదు అబ్బాయి ఫోన్ చేయగానే నాకూ రాణి కనబడింది. చెబుతాను సామేలూ అని మాటిచ్చాను.

కమిటీలో చెప్పాను కూడా, గొంతు తగ్గించి. శ్రవణ్ మర్యాదగానే విన్నాడు. "సార్, మీరు చెప్పేది నిజమే కావచ్చు. కానీ దేవుని దర్శనం చేసుకొని ఫ్యామిలీతో వచ్చేటోళ్ళకు నెగెటివ్ ఎందుకు సార్? రాణి అంటే పాజిటివ్" అన్నాడు. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు, ఆ కుందేలు కూడా పాజిటివ్. చుట్టూ కూర్చున్న పెద్దమనుషులు తలలూపారు. ఆహ్వానపత్రిక అప్పటికే అచ్చయింది. అందులో నారాయణ అని నా పేరు, పేరు పక్కన "భాషా సలహాదారు", కింద "సన్మానం" అని ఉంది. నేనూ తలూపాను.

సామేలును పిలిచి, ప్రారంభోత్సవం లోపల అక్షరం దిద్దకపోతే ఆ రెండు ఊళ్ళ పని లేదన్నారు. మూడు ఊళ్ళ జనం ముందు సామేలుకు స్పెల్లింగు రాదని తేలిపోతుందని కూడా అన్నారు. పనికంటే రెండోదే అతనికి గట్టిగా తగిలింది. పంతులు బెత్తం కింద నుంచి ఇంతదూరం అతను నడిచొచ్చింది ఆ ఒక్క పేరు మీదే. రెండు రోజులు అన్నం సరిగ్గా తినలేదని పోచవ్వ చెప్పింది. మూడో రోజు పోయి బోర్డు ముందు కూర్చున్నాడు. న మీద చెయ్యి వేయలేదు. బోర్డు మూలన ఆవగింజంత రాసుకునే తన పేరును, ఈసారి అరచేయంత రాసి వచ్చాడు.

ప్రారంభోత్సవం ఉదయం పదింటికి. శ్రవణ్ ముందుజాగ్రత్తగా ఒక ణ స్టిక్కరు చేయించి న మీద అంటించాడు. సామేలు రాత పక్కన ఆ స్టిక్కరు, ఊరి పెళ్ళిలో సూటు వేసుకొని వచ్చిన వాడిలా అందరికంటే ముందు కనబడుతోంది. ఒడ్డు మీద షామియానా, కుర్చీలు, మైకు. నాకు ముందువరుసలో చోటు.

పోచవ్వ కొడుకు చెయ్యి పట్టుకొని పడమటి మెట్లెక్కి వచ్చింది. పదకొండో మెట్టు మీద ఆగింది. ముందు కొత్త గ్రానైటు మెట్లు మెరుస్తున్నాయి. శ్రవణ్ ఒడ్డు మీద నుంచి చేతులూపాడు. "రా అవ్వా, మీదికి రా. గీ మెట్లు మీ కోసమే కట్టినం."

పోచవ్వ కదలలేదు. మోకాళ్ళు పట్టుకొని మెల్లగా తొట్టి పక్కన, అరిగిన గుంతల దగ్గర కూర్చుంది. అలసిపోయిందనుకున్నారు. ఫోటోలు తీసేవాళ్ళకు మాత్రం పండుగైపోయింది. తెల్లజుట్టు ముసలమ్మ, రాతి తొట్టి, పైన రంగుల తోరణం. "సూపర్, సూపర్, గట్లనే ఉండు అవ్వా" అని ఒకడు మెట్ల మీద బోర్లా పడుకొని మరీ తీశాడు. ఆమె వాళ్ళవైపు చూడనే లేదు, మావైపు చూస్తూ కూర్చుంది.

నా వంతు వచ్చింది. శాలువా కప్పారు. మైకు చేతికిచ్చారు. జేబులో శ్రవణ్ రాసిచ్చిన కాగితం ఉంది. అది తీయకుండా ఉంటే సరిపోయేది. "సామేలు రాసిందే సరి" అని నాలుగు మాటలు, అంతే. నోటిదాకా వచ్చాయి. ముందువరుసలో పెద్దమనుషులు నవ్వు మొహాలతో నావైపే చూస్తున్నారు. నేను కాగితం తీశాను. రాణిగారి జలక్రీడల గురించి, చెలికత్తెల గురించి చదివాను. చదివి, ఎవరూ అడగకున్నా, "లేఖరి పొరపాటున నకారం పడింది, దాన్ని సరిదిద్దాం" అని కూడా అన్నాను. ముప్పై నాలుగేళ్ళ పంతులుతనం అంత తొందరగా వదులుతుందా?

జనం సామేలు వైపు తిరిగి నవ్వారు. కోరుట్ల నుంచి వచ్చినవాళ్ళే ఎక్కువ నవ్వారు. "ఏం సామేలన్నా, ణ మర్శినవా? కండ్లద్దాలు వెట్టు" అని ఎవరో అరిచారు.

సామేలు బోర్డు దగ్గరికి పోయాడు. గోటితో అంచు లేపి స్టిక్కరు ఊడదీశాడు. కింద అతని న ఎట్లా రాసింది అట్లాగే ఉంది. "అవునే, మర్శిన. తప్పే. కింద నా పేరు గూడ ఉన్నది, సదువుకోండ్రి" అన్నాడు. ఐదు కొత్త మెట్లూ ఎక్కి నా ముందుకు వచ్చి, ఆ స్టిక్కరును నా శాలువా మీద, సరిగ్గా గుండెల మీద, అంటించాడు.

"గీ ణ మీది సారూ. మీ కాడనే ఉంచుకోండ్రి."

కింద నుంచి పోచవ్వ గొంతు వినబడింది. చెవులు వినబడనివాళ్ళు మాట్లాడినట్టు, గట్టిగా, పక్కనున్న ఆమెకు చెబుతోంది.

"మంచిగ సదివిండు మన నారాయణ పంతులు. వీళ్ళ నాయినమ్మ గూడ సరిగ్గ గక్కడ్నే నిలవడేదవ్వా. గంతెత్తుకెల్లే పోసేది. సగం కుండల వడేది, సగం మా మొకాల మీద వడేది."

మైకు ఇంకా నా చేతిలోనే ఉంది.